ఒంట్లో కావలివాళ్ళు

పాపకి తొమ్మిది నెలలు నిండాయి. పొద్దున్నే ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది.

"ఇవాళ టీకాల రోజు చెల్లీ. పాపని తీసుకుని అంగన్‌వాడీకి రా. కార్డు మర్చిపోకు" అని చెప్పి వెళ్ళింది.

కోడలు పాపకి నీళ్ళు పోసింది. ఉతికిన చొక్కా వేసింది. అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"మూడున్నర నెలలప్పుడు తొడకి సూది వేయించావు. ఆ రాత్రంతా పిల్ల ఒళ్ళు కాలిపోయింది. ఇంట్లో ఎవరికీ కునుకు లేదు. ఇప్పుడు మళ్ళీ సూదా? ఏ జబ్బూ లేని పిల్లకి మందెందుకే?" అంది.

కోడలు ఏమీ అనలేదు. గూట్లోంచి కార్డు తీసింది. పోయిన ఏడాది దాకా ఆ కార్డు ఆమెకి ఉట్టి కాగితం. ఇప్పుడు కూడబలుక్కుని చదవగలదు. తొమ్మిది నెలల గడి మీద వేలు పెట్టింది. త... ట్టు. తట్టు.

ఆమె పుట్టింట్లో ఒక తమ్ముడు ఉండేవాడు. రెండేళ్ళ వయసులో వాడికి తట్టు పోసింది. ఒంటినిండా ఎర్రగా పేలింది. కళ్ళు పుసులు కట్టాయి. తర్వాత ఆయాసం పట్టుకుంది. వారం తిరక్కుండా పోయాడు. ఈ సంగతి అత్తింట్లో ఆమె ఎప్పుడూ ఎత్తలేదు.

"నువ్వూ రా అత్తా. ఎందుకు వేస్తారో నర్సమ్మనే అడుగుదువు గాని" అంది.

అత్త గొణుక్కుంటూనే లేచింది. వేపచెట్టు కింద తల్లులు అప్పటికే కూర్చుని ఉన్నారు. అత్త అడిగిన ప్రశ్నకి నర్సమ్మ విసుక్కోలేదు. కూర్చోబెట్టి చెప్పింది. ఆమె చెప్పిన సంగతులు ఇవి.

మొదటి గోడ

మన చుట్టూ కంటికి కనబడని క్రిములు ఉంటాయి. గాలిలో ఉంటాయి. నీళ్ళలో ఉంటాయి. మట్టిలో, చేతుల మీద ఉంటాయి. అన్నీ చెడ్డవి కావు. కొన్ని మాత్రం జబ్బులు తెస్తాయి.

అవి లోపలికి రాకుండా మన ఒంటికి గోడ ఉంది. మన చర్మమే ఆ గోడ. గోడకి తలుపులు ఉంటాయి కదా. కన్ను, ముక్కు, నోరు అలాంటివి. అక్కడా కాపలా ఉంది. కన్నీళ్ళు దుమ్మునీ క్రిముల్నీ కడిగేస్తాయి. ముక్కులోని జిగురు వాటిని అంటించుకుంటుంది. తుమ్ము వాటిని బయటికి తోస్తుంది. తిండితో లోపలికి పోయిన క్రిముల్లో చాలావాటిని కడుపులోని పులుపు చంపేస్తుంది.

ముల్లు గుచ్చుకుంటే ఏం జరుగుతుంది?

కలుపు తీసేటప్పుడు కాలికి ముల్లు గుచ్చుకుందనుకోండి. గోడకి కన్నం పడినట్టే. ముల్లుతోపాటు క్రిములు లోపలికి పోతాయి.

మన రక్తంలో ఎర్రకణాలు ఉంటాయి. తెల్లకణాలు కూడా ఉంటాయి. ఈ తెల్లకణాలే ఒంట్లో కావలివాళ్ళు. ఆవగింజ కంటే చిన్న రక్తపు బొట్టులో కూడా వేలకొద్దీ ఉంటాయి. ఎముకల లోపలి మూలుగలో ఇవి పుడతాయి.

ముల్లు దిగిన చోటికి కావలివాళ్ళు పరుగెత్తుకొస్తారు. వాళ్ళు రావడానికి అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది. అందుకే ఆ చోటు ఎర్రబడుతుంది. వాస్తుంది. వేడిగా ఉంటుంది. కావలివాళ్ళు క్రిముల్ని మింగుతారు. మింగి మింగి తామూ చస్తారు. చచ్చిన కావలివాళ్ళూ, చచ్చిన క్రిములూ కలిసిందే చీము.

కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. గొంతు నొప్పి వస్తే దవడ కింద బిళ్ళ కడుతుంది. ఇది అందరికీ అనుభవమే. ఆ బిళ్ళలు కొత్తగా పుట్టినవి కావు. ఎప్పుడూ అక్కడ ఉండేవే. అవి కావలివాళ్ళ ఠాణాలు. క్రిములు వచ్చిన కబురు అందగానే అక్కడ కావలివాళ్ళు పెరుగుతారు. అందుకే ఠాణా ఉబ్బుతుంది.

జ్వరం కూడా ఈ పోరాటంలో భాగమే. ఒళ్ళు వేడెక్కితే చాలా క్రిములు సరిగా పెరగలేవు. కావలివాళ్ళు మాత్రం చురుగ్గా పనిచేస్తారు. అలాగని ఏ జ్వరాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. జ్వరం తగ్గకపోయినా, పిల్ల పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మనవాడా, పరాయివాడా?

కావలివాడికి కళ్ళు లేవు. మరి ఎవరు మనవాళ్ళో, ఎవరు పరాయివాళ్ళో ఎలా తెలుస్తుంది?

మందలో మన మేక ఏదో మనకి ఎలా తెలుస్తుంది? చెవి కోత చూస్తాం. రంగు గుర్తు చూస్తాం. ఒంట్లోనూ అలాగే. మన ఒంట్లోని కణాల మీద మన గుర్తు ఉంటుంది. క్రిమి మీద ఆ గుర్తు ఉండదు. దాని ఆకారం వేరు. కావలివాడు తడిమి చూస్తాడు. గుర్తు ఉంటే వదిలేస్తాడు. పరాయి ఆకారం తగిలితే పట్టుకుంటాడు.

కావలివాళ్ళలో కొందరికి ప్రత్యేకంగా బడి కూడా ఉంది. రొమ్ము ఎముక వెనక ఒక చిన్న గ్రంథి ఉంటుంది. అదే ఆ బడి. అక్కడ వాళ్ళకి పరీక్ష పెడతారు. మన ఒంటినే కొట్టేవాళ్ళలో చాలామందిని అక్కడే తీసేస్తారు. మనవాళ్ళ జోలికి పోనివాళ్ళే బయటికి వస్తారు. ఎప్పుడైనా ఇందులో పొరపాటు జరిగితే కావలివాళ్ళు సొంత ఒంటి మీదే పడతారు. కొన్ని రకాల కీళ్ళవాతం అలా వచ్చేదే.

ఒక గింజ నుంచి పంట

క్రిముల్లో ఎన్నో రకాలు. తట్టు క్రిమి వేరు. కోరింత దగ్గు క్రిమి వేరు. కంఠసర్పి క్రిమి వేరు. ఒక్కోదాని ఆకారం ఒక్కోలా ఉంటుంది. తాళంకప్పలు వేరు వేరుగా ఉన్నట్టే.

మన ఒంట్లో లెక్కలేనన్ని రకాల తాళంచెవులు ముందే ఉన్నాయి. ఒక్కో రకం కావలివాడి దగ్గర ఒక్కో రకం తాళంచెవి. కానీ ఒక్కో రకంవాళ్ళు కొద్దిమందే ఉంటారు. క్రిమిని మింగిన కావలివాడు దాని ముక్కని ఠాణాకి తెస్తాడు. అందరికీ చూపిస్తాడు. ఎవరి తాళంచెవి దానికి సరిపోతుందో వాళ్ళు ముందుకు వస్తారు.

వాళ్ళు కొద్దిమందే కదా. అంత పెద్ద దండుని ఎలా ఎదుర్కొంటారు? అందుకే ముందు వాళ్ళు పెరుగుతారు. ఒకడు ఇద్దరవుతాడు. ఇద్దరు నలుగురవుతారు. నలుగురు ఎనిమిదిమంది అవుతారు. మంచి విత్తనం ఎంచి నారు పోసినట్టు. కొన్ని రోజుల్లో వేలూ లక్షలూ అవుతారు.

అప్పుడు పని పంచుకుంటారు. కొందరు తమ తాళంచెవుల్ని లక్షలకొద్దీ చేసి రక్తంలోకి వదులుతారు. వీటిని ప్రతిరక్షకాలు అంటారు. ఇవి క్రిమికి అతుక్కుంటాయి. అతుక్కున్న క్రిమి మన కణాల్లోకి దూరలేదు. మింగేవాళ్ళకీ సులువుగా దొరుకుతుంది. ఇంకొందరు మరో పని చేస్తారు. క్రిమి దూరి దాక్కున్న కణాన్ని కనిపెడతారు. క్రిమి అందులో పెరగకుండా ఆ కణాన్నే చంపేస్తారు.

ఇంకొందరు పెద్దరికం చేస్తారు. ఎవరు ఎప్పుడు కదలాలో చెబుతారు. ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీ క్రిమి ఈ పెద్దల్నే చంపుతుంది. పెద్దలు పోతే దండు చెదిరిపోతుంది. అందుకే మందులు వాడని రోగికి చిన్న జబ్బు కూడా ప్రాణం మీదికి వస్తుంది. మందులు రోజూ తప్పకుండా వాడితే ఆ క్రిమి అణిగి ఉంటుంది.

ఇదంతా ఒక్కరోజులో జరిగే పని కాదు. కొత్త క్రిమి వస్తే ఒంటికి వారం, పది రోజులు పట్టవచ్చు. ఇక్కడే ప్రమాదం. ఈ లోపల క్రిమి పెరిగిపోతుంది. ఒక్కోసారి ఒళ్ళు గెలుస్తుంది. ఒక్కోసారి క్రిమి గెలుస్తుంది. చిన్నపిల్లల్లో, తిండి చాలని పిల్లల్లో క్రిమి గెలవడం ఎక్కువ.

మరిచిపోని కావలివాళ్ళు

పోరాటం అయిపోయాక చాలామంది కావలివాళ్ళు చనిపోతారు. కొందరు మాత్రం మిగులుతారు. ఆ క్రిమి ఆకారాన్ని గుర్తు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఉంటారు. అదే క్రిమి మళ్ళీ వస్తే పది రోజులు ఆగరు. వెంటనే లేస్తారు. జబ్బు పైకి కనబడక ముందే దాన్ని అణిచేస్తారు. తట్టు ఒకసారి పోసినవాళ్ళకి మళ్ళీ పోయకపోవడానికి కారణం ఇదే.

ఇలా జబ్బుతో పోరాడే బలాన్ని రోగనిరోధక శక్తి అంటారు.

తల్లి ఇచ్చే కాపలా

పుట్టిన బిడ్డ కావలివాళ్ళకి ఏ క్రిమీ తెలీదు. మరి ఆ బిడ్డకి దిక్కెవరు? తల్లే.

కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి నెలల్లో, తల్లి ప్రతిరక్షకాలు మాయ ద్వారా బిడ్డకి చేరతాయి. పుట్టాక మురుపాలు ఉన్నాయి. పసుపుగా, చిక్కగా ఉండే ఆ మొదటి పాలల్లో కూడా ప్రతిరక్షకాలు నిండుగా ఉంటాయి. అవి బిడ్డ పేగుల్ని కాపాడతాయి. మురుపాలు మంచివి కావని పిండి పారబోయడం తప్పు. బిడ్డ పుట్టిన గంటలోపే పాలు పట్టాలి. ఆరు నెలల దాకా తల్లిపాలు చాలు. నీళ్ళు కూడా అక్కర్లేదు.

అయితే తల్లి ఇచ్చింది అప్పు సొమ్ము లాంటిది. మాయ ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు నెలనెలా తరిగిపోతాయి. తట్టు టీకా తొమ్మిది నెలలకి ఎందుకు వేస్తారో ఇప్పుడు తెలిసింది కదా. మరీ ముందు వేస్తే తల్లి ప్రతిరక్షకాలు ఆ టీకానే పట్టేస్తాయి. మరీ ఆలస్యం చేస్తే బిడ్డకి ఏ కాపలా లేని రోజులు వస్తాయి.

అత్త జబ్బ మీద మచ్చ

"ఇదంతా బాగానే ఉంది. టీకాతో ఏమవుతుంది?" అని అత్త అడిగింది.

నర్సమ్మ అత్త చెయ్యి పట్టుకుంది. జబ్బ మీద గుండ్రటి మచ్చ ఉంది.

"ఇదేమిటి పెద్దమ్మా?"

"చిన్నప్పుడు టీకాలవాళ్ళు వచ్చి వేశారు. మా అమ్మ నన్ను గాదె వెనక దాచింది. అయినా పట్టుకున్నారు."

"ఏ జబ్బుకి వేశారో తెలుసా?"

"మశూచికి. అమ్మవారు పోసిందనేవాళ్ళు. మా మేనత్తకి ఒక కన్ను పోయింది."

మశూచి వస్తే పదిమందిలో ముగ్గురు చనిపోయేవాళ్ళు. బతికినవాళ్ళకి ముఖం నిండా గుంటలు పడేవి. కొందరికి చూపు పోయేది.

ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ అనే డాక్టరు ఉండేవాడు. పాలు పితికే ఆడవాళ్ళకి ఆవుల నుంచి చేతుల మీద పొక్కులు వచ్చేవి. అది చిన్న జబ్బు. తగ్గిపోయేది. ఆ పొక్కులు వచ్చినవాళ్ళకి మశూచి రాదని పల్లెల్లో అనుకునేవాళ్ళు. జెన్నర్ ఆ మాటని కొట్టిపారెయ్యలేదు. 1796 మే నెలలో ఒక పాలమ్మాయి చేతి పొక్కులోని రసి తీశాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేతికి గీరి పెట్టాడు. తర్వాత అదే పిల్లవాడికి మశూచి రసి ఎక్కించి చూశాడు. మశూచి రాలేదు. ఆవు పొక్కుల క్రిమి ఆకారం మశూచి క్రిమి ఆకారానికి దగ్గరగా ఉంటుంది. చిన్న దొంగని చూసిన కావలివాళ్ళు పెద్ద దొంగనీ గుర్తుపట్టారు.

లాటిన్ భాషలో ఆవుని 'వాక్కా' అంటారు. వ్యాక్సిన్ అనే మాట దాన్నుంచే పుట్టింది. మన దేశంలో మొదటి టీకా 1802లో బొంబాయిలో ఒక మూడేళ్ళ పాపకి వేశారు. 1975 తర్వాత మన దేశంలో మశూచి కనబడలేదు. 1980లో ప్రపంచం మొత్తం మీద మశూచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

"నువ్వు వేయించుకున్నావు. నీలాంటివాళ్ళంతా వేయించుకున్నారు. అందుకే నీ కోడలికి మశూచి టీకా అవసరమే రాలేదు" అంది నర్సమ్మ.

అత్త మచ్చని చేత్తో తడుముకుంది.

టీకాలో ఏముంటుంది?

టీకాలో క్రిమి ముక్కలు గానీ, చచ్చిన క్రిములు గానీ, బలం తీసేసిన క్రిములు గానీ ఉంటాయి. వాటిని చూసి కావలివాళ్ళు నిజమైన శత్రువు వచ్చినట్టే లేస్తారు. పెరుగుతారు. గుర్తు పెట్టుకుంటారు. జబ్బు పడకుండానే పాఠం వస్తుంది.

టీకా తర్వాత కొంచెం జ్వరం రావచ్చు. సూది గుచ్చిన చోట నొప్పి, వాపు రావచ్చు. కావలివాళ్ళు పని మొదలుపెట్టారని దాని అర్థం. జ్వరం రాకపోయినా భయం లేదు. టీకా పనిచేస్తుంది. తొడకి వేసే టీకాకి జ్వరం ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. తట్టు టీకాకి వస్తే వారం తర్వాత వస్తుంది. నర్సమ్మ చెప్పిన కొలత ప్రకారం జ్వరం మందు వెయ్యాలి. పాలు ఇస్తూ ఉండాలి. సూది చోట పసర్లు, సున్నం పెట్టకూడదు. రుద్దకూడదు.

టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. ముందు టీకాకి ఫిట్స్ గానీ, ఒళ్ళంతా దద్దుర్లు గానీ వచ్చి ఉంటే ముందే చెప్పాలి. ఇంటికి వెళ్ళాక ఫిట్స్ వచ్చినా, ఆయాసం వచ్చినా 108కి ఫోను చెయ్యాలి. ఇలా జరగడం చాలా అరుదు.

తట్టు చేసే దొంగతనం

"తట్టు ఎంత? వచ్చి పోతుంది కదా" అని ఒక తల్లి అంది.

కోడలు అప్పుడు నోరు విప్పింది. "మా తమ్ముడు తట్టుతోనే పోయాడు" అంది. చెట్టు కింద ఎవరూ మాట్లాడలేదు. అత్త కోడలి ముఖంలోకి చూసింది.

తట్టు క్రిమి గాలిలో పాకుతుంది. రోగి తుమ్మి వెళ్ళిపోయాక రెండు గంటల దాకా ఆ గదిలోనే ఉండగలదు. టీకా లేనివాళ్ళు పదిమంది రోగి దగ్గర ఉంటే ఇంచుమించు తొమ్మిదిమందికి అంటుకుంటుంది.

దానికి ఇంకో చెడ్డ గుణం ఉంది. అది కావలివాళ్ళ మీదే పడుతుంది. పాత జబ్బుల్ని గుర్తుపెట్టుకున్న వాళ్ళనే చంపుతుంది. టీకాలు వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టుకి ముందూ తర్వాతా పరీక్షించి, 2019లో శాస్త్రజ్ఞులు ఆ ఫలితం చెప్పారు. పిల్లలు అప్పటిదాకా సంపాదించుకున్న ప్రతిరక్షకాల్లో నూటికి 11 నుంచి 73 వంతుల దాకా పోయాయి. పలక మీద రాసింది తుడిచేసినట్టు. అందుకే తట్టు తగ్గాక కూడా పిల్లలకి విరేచనాలు, నిమ్ము తేలిగ్గా పట్టుకుంటాయి. చాలామంది పిల్లల్ని చంపేది ఒంటి మీది పేలుడు కాదు. దాని వెనక వచ్చే నిమ్ము.

తొమ్మిది నెలలప్పుడు వేసే మొదటి టీకాతో నూరుమందిలో ఇంచుమించు 85 మందికి కాపలా వస్తుంది. మిగతావాళ్ళకి పాఠం అంటదు. ఎవరికి అంటిందో, ఎవరికి అంటలేదో పైకి తెలీదు. అందుకే 16 నుంచి 24 నెలల మధ్య అందరికీ రెండో టీకా వేస్తారు. రెండూ వేయిస్తే నూరుమందిలో 95 మంది కంటే ఎక్కువమందికి కాపలా ఉంటుంది. ఊళ్ళో అందరూ వేయిస్తే క్రిమికి దూరడానికి ఇల్లు దొరకదు. టీకా వయసు రాని పక్కింటి పసిబిడ్డ కూడా బతుకుతుంది.

కావలివాళ్ళకీ తిండి కావాలి

ఆకలితో ఉన్న కావలివాడు కాపలా కాయలేడు. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు ఒంటికి బలం. ఆరు నెలలు నిండగానే తల్లిపాలతోపాటు మెత్తటి అన్నం పప్పు పెట్టాలి. తొమ్మిది నెలలకి తట్టు టీకాతోపాటు విటమిన్ ఏ మందు నోట్లో పోస్తారు. అదీ వేయించాలి. తల్లి కూడా కడుపునిండా తినాలి. అందరూ తిన్నాక మిగిలింది తినడం మంచి అలవాటు కాదు.

పాప వంతు వచ్చింది. అత్తే పాపని ఒళ్ళో పెట్టుకుంది. కుడి జబ్బకి సూది వేశారు. పాప కేరుమంది. అత్త భుజాన వేసుకుని జోకొట్టింది.

నర్సమ్మ కార్డులో తేదీ వేసింది. కోడలు కార్డు అందుకుంది. మళ్ళీ ఎప్పుడు రావాలో తనే చదివి చెప్పింది.

దారిలో అత్త అడిగింది. "మీ తమ్ముడి పేరేమిటే?"

కోడలు చెప్పింది. ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికి వచ్చారు.

మాట్లాడుకోండి

1. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ ఎందుకు కడుతుంది?
2. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక ఎందుకు వేస్తారు?
3. మీ ఇంట్లో పెద్దవాళ్ళ జబ్బ మీద టీకా మచ్చ ఉందా? అది ఎలా వచ్చిందో అడిగి రాయండి.
4. మీ పిల్లల కార్డు తీసి చదవండి. ఇంకా వెయ్యాల్సిన టీకా ఏది? ఏ తేదీన?